చూడ నేర్పక చూపుట

పాఠశాలవారు విద్యార్థులను భూవిజ్ఞాన పాఠములకై వెలికి గొనిపోవుట మాకు సంతోషకరము. నాలుగు గోడల నడుమ భూమిని గూర్చి చెప్పుటకంటె భూమిని చూపుట మేలనుటకు వాదమక్కఱలేదు. కాని యిప్పుడు పెక్కుచోట్ల జరుగుచున్న విధానమును మేము ఖండింపక తప్పదు. బస్సు కుదుర్చుట, రుసుము వసూలు చేయుట, పులిహోర పొట్లములు కట్టించుట: సన్నాహమనగా నింతియే యని యుపాధ్యాయులును తల్లిదండ్రులును తలంచుచున్నారు. బిడ్డల కడుపునకు సన్నాహము జరిగినది, కన్నులకు జరుగలేదు.

విశాఖపట్టణమునకును భీమునిపట్టణమునకును నడుమ సముద్రతీరముననున్న ఎఱ్ఱమట్టి దిబ్బలనే తీసికొందము. భూవిజ్ఞానశాస్త్రజ్ఞుడు విలియం కింగ్ 1886లోనే వీనిని గూర్చి వ్రాసెను. 2025లో నివి యునెస్కోవారి ప్రపంచ వారసత్వ తాత్కాలిక పట్టికలో జేరినవి. దక్షిణాసియాలో నిట్టి దిబ్బలు తమిళనాడులోను, శ్రీలంకలోను మాత్రమే మఱల కానవచ్చునని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఇంతటి చోటికి బోయిన బాలబాలికలేమి చేయుచున్నారు? దిబ్బలెక్కి జాఱుదురు, మెత్తని గోడలపై పేళ్లు చెక్కుదురు, ఛాయాచిత్రములు తీసికొందురు, ఇంటికి వచ్చి 'ఎఱ్ఱగా నున్నది' అందురు. తప్పు వారిది కాదు. అచ్చట అడుగవలసిన ప్రశ్న యేదియో వారికెవ్వరు చెప్పిరి?

'ముందుగా చెప్పినచో వింత చెడును. పిల్లలు తామే చూచి తెలిసికొందురు' అని కొందఱు వాదింతురు. అక్షరములు రానివానికి పుస్తకము తెఱచి చూపినచో నల్లని గీతలే కనబడును. దిబ్బయు నట్టిదే. చదువ నేర్చినవానికే యందలి వింత తెలియును.

ఈ సన్నాహమునకు ధనమక్కఱలేదు. పయనమునకు వారము ముందు పెరటిలో ఇసుకయు మన్నును గలిపి కుప్పపోసి, దానిపై బిడ్డచేత చెంబుతో సన్నని ధారగా నీరు పోయింపుడు. నీరు మొదట నింకును. పిమ్మట దారి చేసికొనును. ఆ దారి లోతై వాగగును. వాగుల నడుమ మిగిలిన మన్ను గోడవలె నిలుచును. దీనిని చూచిన బిడ్డ దిబ్బల నడుమ నిలిచినంతనే 'ఇది వాననీటి పని' యని తానే గుర్తించును. తుప్పుపట్టిన మేకు నొకదానిని చేతికిచ్చి, యిసుకలోని యినుము గల ఖనిజములు నిట్లే గాలికిని తేమకును మాఱి రేణువులకు ఎఱ్ఱని పూతయైనవని చెప్పుడు. సుమారు 20,000 ఏండ్ల క్రిందట, మంచుయుగమున, విస్తారమైన నీరు గడ్డకట్టి భూఖండములపై నిలిచినందున సముద్రమట్టము నేటికంటె సుమారు 120 మీటర్లు దిగియుండెననియు, బయల్పడిన యిసుకను గాలి తెచ్చి యొడ్డున పోగువేసెనని శాస్త్రజ్ఞులు భావింతురనియు చెప్పుడు. అప్పుడా బిడ్డ కెరటములను చూచి 'నాడు ఒడ్డెంత దూరమున నుండెను?' అని యడుగును. అట్టి ప్రశ్న పుట్టించుటకే గదా యీ పయనము!

ఆ కుప్పయే మఱియొక పాఠము చెప్పును. చెంబెడు నీటికి కరగు మన్ను వందల పాదముల త్రొక్కిడికి నిలుచునా? ఎక్కి జాఱరాదనియు, చిటికెడు మన్నైనను తేక, చూచినదానిని కాగితముపై గీసికొని రావలయుననియు బయలుదేరుటకు ముందే తెలుపవలయును. దిబ్బల కడ అఱచిన ఆజ్ఞ చెవి కెక్కదు.

ఇక గృహములకు మా మాట. కుమారుని పంపి, కొమార్తెను 'ఎండకు నల్లబడుదువు, నీకేల యీ తిరుగుట' యని నిలుపు తల్లిదండ్రులు నేటికిని గలరు. ఎండకు విరుగుడు టోపీ, గట్టి చెప్పులు, సీసాడు మంచినీళ్లు. గడపలోపల నుంచుట కాదు. భయమున్నచో ఉపాధ్యాయురాలిని తోడుగా పంపుడని పాఠశాలవారి నడుగుడు. భూమి కథ చదువుటకు బాలునికెంత హక్కు గలదో బాలికకు నంతయే గలదు.

చదువరులారా! ఇకమీదట రుసుము కొఱకు చీటీ వచ్చినప్పుడు, సొమ్మిచ్చుటకు ముందు 'మా బిడ్డ యచ్చట వెదకవలసిన ప్రశ్న యేది?' యని యడుగుడు. బదులు రాకున్న పయనమును మానుకొనుడని మేము చెప్పము. ఆ ప్రశ్న సిద్ధమగువఱకు బస్సు కదలరాదని చెప్పుచున్నాము.