అంబాసిడర్‌కు రెండో కార్బ్యురేటర్ పెడితే తప్పేమిటి?

పాత కార్లంటే ప్రాణం పెట్టేవాళ్లలో ఇప్పుడు ఒక మాట బాగా చెల్లుబాటవుతోంది. కారు ఫ్యాక్టరీ గేటు దాటిన రోజున ఎలా ఉందో అలాగే ఉండాలట. ఇంజన్ మీద చెయ్యి వేస్తే దాని విలువ పోయినట్టేనట. రెండు కార్బ్యురేటర్లు పెట్టి, వాటి నుంచి గాలి, పెట్రోలు ఇంజన్‌లోకి వెళ్లే గొట్టాల అమరికను, అంటే ఇన్‌టేక్ మానిఫోల్డ్‌ను, షెడ్డులోనే చేయించుకున్న అంబాసిడర్ కనబడితే వీళ్లు మొహం చిట్లిస్తారు. ఇదంతా చరిత్ర మీద గౌరవంగానే కనిపిస్తుంది. కానీ ఆ ఇంజన్ చరిత్రలో సగాన్ని ఈ పట్టుదలే మరుగున పడేస్తోంది.

తొలి సైడ్ వాల్వ్ ఇంజన్ తర్వాత అంబాసిడర్‌లోకి వచ్చిన 1489 సీసీ ఇంజన్ బ్రిటన్‌కు చెందిన బీఎంసీ కంపెనీ బి-సిరీస్. అక్కడి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారులో ఒకే కార్బ్యురేటర్‌తో అది ఇచ్చిన బలం 50 చిల్లర హార్స్‌పవర్. అదే 1489 సీసీకి రెండు ఎస్‌యూ కార్బ్యురేటర్లు తగిలించి ఎంజీ మాగ్నెట్‌లో 60 దాకా, 1955లో వచ్చిన ఎంజీఏలో మొదట 68, ఆ వెంటనే 72 హార్స్‌పవర్ రాబట్టారు. మాగ్నెట్ రేసు కారేమీ కాదు, నాలుగు తలుపుల కుటుంబం కారు. ఈ పెరుగుదలంతా కార్బ్యురేటర్ల పుణ్యమే అనను; కంప్రెషన్, కామ్‌షాఫ్ట్ కూడా కలిసి పనిచేశాయి. అయినా గాలి దారి అసలు సమస్య అన్నది నిజం. ఈ హెడ్‌లో నాలుగు సిలిండర్లకు ఇన్‌టేక్ రంధ్రాలు రెండే. ఒకటి, రెండు సిలిండర్లు ఒక దాన్ని, మూడు, నాలుగు ఇంకో దాన్ని పంచుకుంటాయి. ఫైరింగ్ వరస 1-3-4-2 కాబట్టి ఒకే రంధ్రం నుంచి వెంటవెంటనే రెండు సిలిండర్లు పీల్చుకుని, ఆ తర్వాత అది ఖాళీగా ఉంటుంది. మధ్యలో ఉన్న ఒకే కార్బ్యురేటర్ నుంచి రెండు వైపులకూ పెట్రోలు సమానంగా అందడం కష్టం. ఒక్కో రంధ్రానికి ఒక్కో కార్బ్యురేటర్ పెట్టడం ఈ ఇంజన్‌ను తయారుచేసినవాళ్లే చూపించిన దారి. మన దేశంలోనూ మద్రాసు దగ్గరి షోలవరం రేసుల్లో ఇలా మార్చుకున్న కార్లు దశాబ్దాల పాటు పరుగెత్తాయి. అది చరిత్ర కాకపోతే మరేది చరిత్ర?

ఉన్నది ఉన్నట్టు ఉంచుదామన్నా ఇవాళ కుదరదు, ఎందుకంటే పెట్రోలే మారిపోయింది. 2000లో సీసం పోయింది, ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలిసింది. మామూలు పెట్రోలు పూర్తిగా మండడానికి బరువులో సుమారు 14.7 వంతుల గాలి కావాలి, ఈ మిశ్రమానికి 13.5 చాలు. ఫ్యాక్టరీ జెట్‌తో ఉన్న కార్బ్యురేటర్‌కు ఈ సంగతి తెలియదు; పాత లెక్క ప్రకారమే పోస్తుంది, ఇంజన్‌కు పెట్రోలు చాలదు, వేడెక్కుతుంది. ఎస్‌యూలో అయితే సూది మార్చి, కింది నట్టు తిప్పి దాన్ని సరిచేసుకోవచ్చు. రెండు కార్బ్యురేటర్లు పెడితే పొగ పెరుగుతుందనీ, కారు పెట్రోలు తాగేస్తుందనీ అనేవాళ్లు కూడా ఇది గమనించాలి. ఆ రెండూ ట్యూనింగ్ సరిగా లేనప్పుడు వచ్చే జబ్బులు, అవి ఒక కార్బ్యురేటర్‌కైనా వస్తాయి.

చేత్తో చేసిన మానిఫోల్డ్ నాసిరకమన్న విమర్శలో మాత్రం బలముంది. కొన్ని నిజంగానే నాసిరకం. ప్యాకింగ్‌ను అచ్చుగా పెట్టుకుని మందపాటి ఇనుప రేకులో ఇంజన్‌కు బిగించే ఫ్లాంజి కోయడం, గొట్టాలు వెల్డింగ్ చేయడం చాలామందికి వచ్చు. అసలు పరీక్ష ఆ తర్వాత మొదలవుతుంది. వెల్డింగ్ వేడికి ఫ్లాంజి వంకర పోతుంది, దాన్ని మిల్లింగ్ మెషీన్ మీద మళ్లీ చదును చేయాలి. పైగా ఈ ఇంజన్‌లో ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ రెండూ ఒకే పక్కన ఉండి, ఒకే స్టడ్, ఒకే వెడల్పాటి వాషర్ రెండింటినీ నొక్కి పట్టుకునే చోట్లున్నాయి. రెండు ఫ్లాంజిల మందంలో ఏ కొంచెం తేడా ఉన్నా వాషర్ ఒకవైపే బిగుస్తుంది, రెండోవైపు గాలి లోపలికి దూరుతుంది, ఆ పక్క సిలిండర్లలో వాల్వులు మాడతాయి. ఇదంతా తెలిసి చేసే టర్నర్లు, వెల్డర్లు మన ఊళ్లలో ఉన్నారు. చెడ్డ పని జరుగుతోందని మంచి పనిని కూడా నిషేధించాలా?

ఇక చట్టం సంగతి. 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనలు 50 ఏళ్లు దాటిన వాహనం అసలు రూపంలోనే ఉండాలనీ, ఛాసిస్, బాడీ, ఇంజన్లలో పెద్ద మార్పులు ఉండకూడదనీ అంటున్నాయి. ఆ ఉద్దేశం మంచిదే. ఎన్నో అంబాసిడర్లలోంచి పెట్రోలు ఇంజన్ పీకేసి ఏదో డీజిల్ ఇంజన్ దించేశారు, అలాంటిది ఆపవలసిందే. కానీ బోల్టులు విప్పితే ఊడివచ్చే మానిఫోల్డ్‌ను ఆ గాటన కట్టడం అన్యాయం. నంబరు చెక్కిన బ్లాకు అదే, హెడ్డు అదే, ఛాసిస్ అదే. ఒక పూట పనితో పాత స్థితికి తేవచ్చు. ఫ్యాక్టరీ కార్బ్యురేటర్, మానిఫోల్డ్ చెక్కుచెదరకుండా దాచి తనిఖీ అధికారికి చూపించగలిగిన యజమానికి వింటేజ్ రిజిస్ట్రేషన్ ఇవ్వాలనీ, ఇంజన్ బ్లాకే మార్చినవారికి నిరాకరించాలనీ ఆ నిబంధనల్లోనే స్పష్టంగా రాయాలి.