చెల్లని రూపాయి ఎవరిది?

యుద్ధం అనగానే మనకు తుపాకులు, విమానాలు గుర్తుకొస్తాయి. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం మీదా, కాకినాడ మీదా జపాన్ వాళ్లు బాంబులు వేసిన సంగతి మా అమ్మమ్మ కథలు కథలుగా చెప్పేది. పట్నాల్లో వాళ్లు సామాను బళ్లకెత్తుకుని కోనసీమ పల్లెలకు వచ్చేశారట. ఎవరింటి అరుగు మీద చూసినా చుట్టాలే! అయితే ఆవిడను నిజంగా దెబ్బతీసింది ఆ బాంబులు కావు. అంతకు ఏడాది ముందు అమల్లోకొచ్చిన ఒక కాగితం.

పెళ్లిలో చదివింపులుగా వచ్చినవీ, పుట్టింటికి వెళ్లినప్పుడల్లా వాళ్లమ్మ చాటుగా చేతిలో పెట్టినవీ కలిపి మా అమ్మమ్మ దగ్గర నలభై దాకా వెండి రూపాయలుండేవి. అన్నీ విక్టోరియా రాణి బొమ్మవే. బియ్యం కాగులో, అడుక్కి, పాతగుడ్డలో మూటకట్టి దాచింది. మా తాతయ్యకు తెలియదు. తెలిస్తే అవి మర్నాడే ఎరువుల బస్తాలో, దావా ఖర్చుల్లో కలిసిపోతాయని ఆవిడకు తెలుసు!

యుద్ధం మొదలయ్యాక వెండికి కరువొచ్చింది. 1940లో ప్రభుత్వం రూపాయిలో వెండిని పన్నెండింట పదకొండు పాళ్ల నుంచి సగానికి తగ్గించింది. పాత రూపాయలు మంచి వెండి కదా, వాటిని జనం దాచేసుకుంటారని విక్టోరియా రూపాయల్ని వెనక్కి పిలిచింది. 1941 మార్చి 31 తర్వాత అవి చెల్లవు. ఆ తర్వాత కూడా కొంతకాలం ట్రెజరీల్లో మార్చుకునే వీలుంచారు. నిర్ణయం ఢిల్లీ ప్రభుత్వానిది, అమలు చేసే పని రిజర్వు బ్యాంకుదీ, జిల్లా ట్రెజరీలదీ. ఆఫీసు లెక్కన చూస్తే ఇందులో తప్పేమీ లేదు. ముందుగా చెప్పారు, గడువిచ్చారు, పత్రికల్లో వేశారు.

మా తాతయ్య పేపరు చదివేవాడు. అరుగు మీద నలుగురితో ఈ సంగతి చర్చించే ఉంటాడు. కానీ ఇంట్లో తన భార్య దగ్గర అలాంటి రూపాయలున్నాయని తెలియని మనిషి, లోపలికొచ్చి "ఇదిగో, అవి మార్చుకోవాలి" అని ఎందుకు చెబుతాడు? దాచిన డబ్బు సంగతి నోరు విప్పి అడగలేక ఆవిడా ఊరుకుంది. అసలు కబురు చెవిన పడేసరికే ఆలస్యమైంది. చివరికి సంతకొచ్చిన ఒక వెండి బేరగాడు తూకానికి తీసుకుని రూపాయికి పదణాలో, పదకొండణాలో ఇచ్చాడట. నాకు ఈ కథ చెప్పేటప్పుడు ఎనభయ్యేళ్లు దాటాయి ఆవిడకు. అప్పటికీ ఆ మిగతా ఐదారణాల దగ్గరికొచ్చేసరికి గొంతు మారిపోయేది.

ఇలాంటి కాగితాలు ఆ రోజుల్లో చాలా వచ్చాయి. 1940 జూన్‌లో ఫ్రాన్సు ఓడిపోయిందనేసరికి ఇక్కడ జనం భయపడి నోట్లు తెచ్చి వెండి రూపాయలు ఇమ్మని కౌంటర్ల దగ్గర ఎగబడ్డారు. దాంతో సొంత అవసరానికో, వ్యాపారానికో కావలసినదానికి మించి నాణాలు పోగుచేయడం నేరమని ప్రభుత్వం ఉత్తర్వు వేసింది. కొద్దిరోజులకే రూపాయి నోటు బయటికొచ్చింది. 1943లో రిజర్వు బ్యాంకు రెండు రూపాయల నోటు తెచ్చింది. చిల్లర కరువైంది. అంగట్లో చిల్లరకు బదులు పోస్టేజి స్టాంపులు చేతిలో పెట్టేవారట, వానకు తడిస్తే అంతే సంగతులు! అణాలు, బేడలు ఇత్తడి రంగులో పసుపుపచ్చగా వచ్చాయి. రాగి ఆదా చేయడానికి కాణీకి నడిమధ్య చిల్లు పెట్టారు. ఆ చిల్లు కాణీలు పసిపిల్లల మొలతాళ్లకు బాగా పనికొచ్చాయని అమ్మమ్మ నవ్వేది.

తెలంగాణ వైపు ఇంకో చిక్కు. అక్కడ నిజాం హాలీ సిక్కా, ఇక్కడ కల్దారు. ఆరు కల్దారు రూపాయలకు ఏడు హాలీ రూపాయలు. సరిహద్దు ఊళ్లలో ఆ ఊరి పిల్లను ఈ ఊరికిచ్చిన తల్లులు ఈ లెక్కలన్నీ నోటితోనే చేసేవాళ్లు. హాలీ సిక్కా వ్యవహారాలు చూసే హైదరాబాద్ స్టేట్ బ్యాంకు తలుపులు తెరిచింది 1942 ఏప్రిల్ 5న, అంటే విశాఖ మీద బాంబులు పడటానికి సరిగ్గా ఒక్కరోజు ముందు.

నాణాలు పోగుచేసేవాళ్లంటే ఎవరు? పెద్ద వర్తకులు ఉంటారు, కాదనను. కానీ పోపుల పెట్టెలో, బియ్యం కాగులో, కొంగుముడిలో రూపాయలు దాచుకునేది ఎవరు చెప్పండి? బ్యాంకులో ఖాతా లేనివాళ్లు, భూమి తమ పేరున లేనివాళ్లు, రేపు మొగుడు పోతేనో, వదిలేస్తేనో గతేమిటని భయపడేవాళ్లు. అదే వాళ్ల బ్యాంకు. దానికి పైవాళ్లు పెట్టిన పేరు 'హోర్డింగు'. మన చేత్తో మనం దాచుకుంటే దొంగసొత్తు, అదే బీరువాలో ప్రభుత్వం దాస్తే నిల్వ ధనం!

ఇంతకీ ఆ యుద్ధకాలంలో ధరలు మండిపోయింది ఇల్లాళ్లు రూపాయలు దాచడం వల్లనా? ఈ ముక్క తేల్చుకోవాలంటే ఇంకో కాగితం సంగతి చెప్పుకోవాలి. దాని గురించి ఎవరూ దండోరా వేయలేదు. బ్రిటిష్ సైన్యానికి కావలసిన బియ్యం, గుడ్డ, బూట్లు, కలప, గోనెసంచులు ఇక్కడ కొనేవారు. వాటి డబ్బు లండన్‌లో రిజర్వు బ్యాంకు ఖాతాలో పౌండ్లుగా జమ చేసేవారు. అంటే 'తర్వాత ఇస్తాం' అన్న మాట. ఆ జమను ఆస్తిగా రాసుకుని ఇక్కడ రూపాయి నోట్లు విడుదల చేసేవారు. చట్టం కూడా అందుకు ఒప్పుకుంది. నోట్ల వెనక ఐదింట రెండు పాళ్లయినా బంగారమో, స్టెర్లింగు పత్రాలో ఉండాలని రిజర్వు బ్యాంకు చట్టంలో ఉంది. బంగారం రాకపోయినా పరవాలేదు, లండన్ నుంచి కాగితం వస్తే చాలు.

మా ఇంట్లో మాటల్లో చెప్పాలంటే, పక్కింటావిడ రోజూ మన బియ్యం పట్టుకెళుతూ గోడ మీద బొగ్గుతో గీత గీస్తోంది. మనం ఆ గీతలు చూసుకుని "మనకు చాలా ఉంది" అనుకుంటున్నాం. కుండలో గింజ లేదు.

ఇది ఒకరోజు తీసుకున్న నిర్ణయం కాదు. వారం వారం ఒక గుమాస్తా రాసి, ఒక అధికారి సంతకం పెట్టి, పద్ధతి ప్రకారం ప్రకటించిన లెక్క. 1939లో చెలామణిలో ఉన్న నోట్లు 200 కోట్ల రూపాయల లోపు. యుద్ధం ముగిసే 1945 నాటికి 1,100 కోట్లు. సరుకు అంత పెరిగిందా? పెరగకపోగా సైన్యానికి పోయింది, బర్మా బియ్యం ఆగిపోయింది. 1943కి టోకు ధరలు యుద్ధానికి ముందున్నదానికి రెండింతలు దాటిపోయాయి. ఆ ఏడాదే బెంగాల్ కరువు. ఇరవై లక్షల నుంచి ముప్ఫై లక్షల మంది దాకా పోయారంటారు. ఆ కరువుకు కారణాలు ఒకటి కాదు. తుపాను ఉంది, పడవలు, ధాన్యం శత్రువుకు దక్కకూడదని ముందే లాక్కున్న ప్రభుత్వం ఉంది. కానీ యుద్ధపు డబ్బు చేరినవాడు బియ్యం కొనగలిగాడు, చేరని కూలివాడు కొనలేకపోయాడు అని అమర్త్య సేన్ 1981లో రాసిన పుస్తకంలో వివరంగా చూపించారు. బొంబాయిలో సి.ఎన్.వకీల్ లాంటి ఆర్థికవేత్తలు 1943లోనే రూపాయి పడిపోతోందని హెచ్చరించారు.

ఆ ఏడాది ఆగస్టులో రిజర్వు బ్యాంకు మార్కెట్లో బంగారం అమ్మడం మొదలుపెట్టింది. జనం చేతిలో పెరిగిపోయిన నోట్లను కొంతైనా వెనక్కి లాగడానికట. అంటే చూడండి, రెండేళ్ల క్రితం వెండి దాచుకున్నందుకు తప్పుపట్టినవాళ్లే ఇప్పుడు బంగారం కొనుక్కోండి అన్నారు! కొన్నదెవరో మీకూ తెలుసు, నాకూ తెలుసు. కూలికి పోయే ఆడమనిషికి మగవాడి కూలిలో సగమో, ముప్పాతికో. బియ్యం ధర మాత్రం ఇద్దరికీ ఒకటే.

అదే ఆగస్టులో చింతామణ్ ద్వారకానాథ్ దేశ్‌ముఖ్ గవర్నరయ్యారు. ఆ కుర్చీలో కూర్చున్న మొదటి భారతీయుడు. పదేళ్ల తర్వాత, 1953లో, ఆయన మన రాజమండ్రి అల్లుడయ్యారు. అవును, దుర్గాబాయి గారి భర్త ఆయనే. 1930 ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్లి, 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టి, దిక్కులేని ఆడవాళ్లకు చదువూ, పనీ నేర్పిన దుర్గాబాయి. నాకెప్పుడూ ఒక ఊహ వస్తుంటుంది. యుద్ధకాలంలో ఆ వెండి రూపాయల ఉత్తర్వు ముసాయిదా ఆవిడ బల్ల మీదికి వచ్చుంటే? ఆడమనిషి ఉన్నంతమాత్రాన లండన్ లెక్క మారిపోయేదని నేననను. లండన్ మాట లండన్‌ది. కానీ "ఈ సంగతి ఇంట్లో వంటగది దాకా ఎలా చేరుతుంది?" అని ఒక్క ప్రశ్న అడిగి ఉండేది. అడిగేవాళ్లు లేకపోవడమే నా బాధ. 1935 నుంచి వచ్చిన గవర్నర్లందరూ మగవాళ్లే. డిప్యూటీ గవర్నరుగా మొదటి స్త్రీ ఉదేశీ గారు నియమితులయింది 2003లో.

"పాత గొడవ ఇప్పుడెందుకమ్మా" అంటారేమో. నేను ముప్ఫై ఏళ్లకు పైగా బ్యాంకులో క్యాషు కౌంటర్లో కూర్చున్నాను. 2016 నవంబరు 8 రాత్రి ఐదొందలు, వెయ్యి నోట్లు చెల్లవన్నారు. అప్పుడు యుద్ధమేమీ లేదు. అయినా మర్నాటినుంచి మా కౌంటర్ ముందు నాకు కనిపించింది మా అమ్మమ్మే, ఒకరు కాదు, వందమంది. పసుపు వాసన వేసే నోట్లు, మడతల్లో నలిగి మెత్తబడ్డ నోట్లు. మార్చుకుంటే మొదట నాలుగు వేలు, తర్వాత నాలుగున్నర, ఆ తర్వాత రెండు వేలు, వేలికి సిరా గుర్తు. ఆ నెల 24తో మార్పిడే ఆపేశారు, ఇక ఖాతాలో వేసుకోవలసిందే. గృహిణులు రెండున్నర లక్షల దాకా వేసుకుంటే అడగం అని ప్రభుత్వం ప్రకటించింది. మంచిదే.

ఒక పెద్దావిడ పదకొండు ఐదొందల నోట్లు తెచ్చింది. ఖాతా ఉంది. ఫారం నేనే నింపాను. నోట్లు ఇచ్చేముందు కిటికీలోకి వంగి, "అమ్మా, ఇది వేస్తే ఆయన ఫోనుకి మెసేజీ వెళుతుందా?" అని అడిగింది. ఖాతాకిచ్చిన నంబరు ఆయనదే. వెళుతుందని చెప్పాను. ఆవిడ నోట్లు తీసుకుని పక్కకెళ్లి చాలాసేపు బెంచీ మీద కూర్చుంది. చివరికి వచ్చి వేసింది. వేయక ఏం చేస్తుంది? డిసెంబరు 30 గడువు. ఆ సాయంత్రం వాళ్లింట్లో ఏం జరిగిందో నాకు తెలియదు.

ఆ రోజు నిబంధన ఏమీ తప్పు లేదు, నేనూ తప్పేమీ చేయలేదు. 1941లో ట్రెజరీ గుమాస్తా కూడా తప్పు చేయలేదు. అదే నన్ను ఇప్పటికీ కలవరపెడుతుంది. పైనుంచి వచ్చే ప్రతి సర్క్యులరులోనూ గడువుంటుంది, మొత్తం ఉంటుంది, ఫారం ఉంటుంది. ఇంటి పెద్దకు చెబితే ఇల్లంతటికీ చెప్పినట్టే అనే నమ్మకం మాత్రం పైకి రాయరు. ఇంటి పెద్దకు తెలియకూడని డబ్బు ఉంటుందనీ, అది పాపపు సొమ్ము కాదనీ, దానిమీద ఒక ఆడపిల్ల ఫీజో, ఒక ముసలితనమో ఆధారపడి ఉంటుందనీ ఆ కాగితం రాసేవాళ్లకు ఎవరు చెప్పాలి?

రేపు ఏ నోటు వెనక్కి తీసుకున్నా, యుద్ధమొచ్చినా, రాకపోయినా, నేను కోరేది పెద్దదేం కాదు. గడువు నెలల్లో కాదు, ఏళ్లలో ఇవ్వండి. పోస్టాఫీసులో కూడా తీసుకోండి. పొదుపు సంఘాల సమావేశంలో తెలుగులో చదివి వినిపించండి, ఎందుకంటే అక్కడికి ఆవిడ ఒక్కతే వస్తుంది. ఖాతా ఆవిడది అయినప్పుడు మెసేజీ కూడా ఆవిడకే వెళ్లేలా చూడండి. ఆవిడకు ఫోను లేకపోతే పాసుబుక్కులో రాసివ్వండి చాలు. ఇవన్నీ కౌంటర్లో కూర్చున్న ఏ అమ్మాయినడిగినా చెబుతుంది.

ఆ నలభైలో ఒక్క రూపాయి అమ్మమ్మ బేరగాడికి ఇవ్వలేదు. ఎందుకో ఆవిడకే తెలియాలి. ఇప్పుడది నా దగ్గరుంది. 1862 అని ఉంది, రాణి ముక్కు కొంచెం అరిగింది. వరలక్ష్మీ వ్రతం రోజు కలశం పక్కన పెడతాను. కిందటిసారి మా మనవరాలు చేతిలోకి తీసుకుని "ఇది షాపులో ఇస్తే చాక్లెట్ ఇస్తారా?" అంది. ఇవ్వరన్నాను. ఎందుకివ్వరని అడిగింది. ముందు పూజ కానీ, తర్వాత చెబుతానన్నాను.