విహారం సరే, ఈత మాటేమిటి?

జూలూరుపాడు: అండమాన్ పేరు చెబితే ఒకనాడు ఇంటిల్లిపాది గుండెలు బాదుకునేవారు. 'ద్వీపాంతరం' పడినదంటే మనిషి పోయినట్లే లెక్క. 1858లో బ్రిటిష్ ప్రభుత్వం అక్కడ ఖైదీల స్థావరం నెలకొల్పినది మొదలు ఎందరో ఆ సముద్రం దాటి పోయారు. 1879లో రంపలో పుట్టి, నాటి భద్రాచలం తాలూకాలోని రేకపల్లి వరకు పాకిన మన్యం తిరుగుబాటులో పట్టుబడిన వారిని సైతం ఆ దీవులకే తరలించారు. అప్పటికి సెల్యులార్ జైలు ఇంకా కట్టలేదు. అది పూర్తి అయినది 1906లో. అడవిలో పుట్టి వాగు తప్ప సముద్రమెరుగని ఆ కొండవారు ఓడ ఎక్కినప్పుడు ఏమనుకున్నారో రాసినవారు లేరు.

ఆ దీవులకే ఇప్పుడు జనం టిక్కెట్టు కొనుక్కుని, కొత్త బట్టలు కుట్టించుకుని పోతున్నారు. ఎల్‌టీసీ వసతి ఉన్న ఉద్యోగులు, కొడుకో కూతురో పట్నంలో స్థిరపడిన తల్లిదండ్రులు, కొత్తగా పెళ్లయిన జంటలు నాలుగు రోజులు అక్కడ గడిపి వస్తున్నారు. ఇందులో తప్పు పట్టవలసినదేమీ లేదు. ఏడాది పొడుగునా పత్తిచేలో, గనిలో, బడిలో గొడ్డుచాకిరి చేసినవారు నాలుగు రోజులు ఇసుకలో కాళ్లు చాపుకుని కూర్చుంటే చూసి ఓర్వలేనితనం ఎవరికీ ఉండరాదు. తీర్థయాత్ర అయితే పుణ్యం, విహారయాత్ర అయితే దుబారా అనే పాత లెక్క ఇక చెల్లదు.

పైగా అక్కడికి పోయినవారికి పరాయి దేశం పోయినట్లు కూడా ఉండదు. 2011 జనగణన ప్రకారం ఆ దీవుల్లో ప్రతి వంద మందిలో సుమారు 13 మంది మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి బతుకుదెరువుకు పోయి స్థిరపడినవారి సంతతి వారిలో ఎక్కువ. 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లో బజారుకు పోతే తెలుగు మాట చెవిన పడుతుంది. పాత ఇరవై రూపాయల నోటు వెనుక కొబ్బరిచెట్లు, సముద్రం బొమ్మ ఉండేది కదా, అది ఆ ఊరి ఎదుటి నార్త్ బే దృశ్యమే. కొన్నేళ్లపాటు ఆ దీవి బొమ్మ ప్రతి పల్లెలోనూ రొంటిన తిరిగినదన్నమాట.

అయితే పోయివచ్చినవారు చెప్పే ముచ్చట్లలో ఒకటి ఆలోచింపజేసేదిగా ఉన్నది. అక్కడ 'స్నార్కెలింగ్' అని ఒక వేడుక ఉన్నది. కళ్లను, ముక్కును కప్పే గాజు ముసుగు తగిలించుకుని, నోట ఒక గొట్టం కరచి, నీటి మీద బోర్లా పడుకుని కింద ఉన్న పగడపు దిబ్బలను, రంగురంగుల చేపలను చూడడమే అది. ఇందులోని కిటుకు పెద్దదేమీ కాదు. బావిలో మునిగి కళ్లు తెరిచినవారికి అంతా మసకగా కనబడడం తెలిసినదే. నీరు కంటిని నేరుగా తాకినప్పుడు కన్ను చూపును సరిగా కూర్చలేదు. మధ్యలో కాస్త గాలి ఉంటే చాలు, చూపు తేటపడుతుంది. గాజు ముసుగు చేసే పని అంతే. ఇక గొట్టం మూరెడు లోపే ఉంటుంది. బారెడు పొడవు గొట్టం పెట్టుకుని ఇంకా లోతుకు పోవచ్చు గదా అని పిల్లలు అడుగుతారు. పోలేరు. లోతుకు పోయేకొద్దీ నీటి బరువు రొమ్మును అదుముతుంది, పై నుంచి గాలి లాగే బలం ఊపిరితిత్తులకు చాలదు. విడిచిన గాలే గొట్టంలో నిలిచి మళ్లీ లోపలికి వస్తుంది. కనుక ఈ వేడుక నీటి మీద తేలుతూ చేయవలసినదే తప్ప మునిగి చేయవలసినది కాదు.

తేలడమే మనవారికి వచ్చిన చిక్కు. ఈత రాదు. లైఫ్ జాకెట్ తొడిగి, గైడు చెయ్యి పట్టుకుని నడిపిస్తే చూసినవారు కొందరు. నీళ్లలో ముఖం పెట్టగానే గుండె దడ పుట్టి గొట్టం వదిలేసి ఒడ్డుకు పరుగు తీసినవారు మరికొందరు. భయంతో కాళ్లు కింద ఆనించి నిలబడబోయి పగడాలను తొక్కేవారూ ఉంటారు. ఆ పగడం రాయి కాదు, ప్రాణి. చిన్న చిన్న జీవులు తరతరాలుగా కట్టుకున్న ఇల్లు. గుండ్రాయి వంటి పగడాలు ఏడాదికి ఒక సెంటీమీటరు పెరగడమే గగనం. 2010లో సముద్రం వేడెక్కినప్పుడు అండమాన్ పగడాలు పెద్ద ఎత్తున తెల్లబడి చచ్చిపోయాయి. ఆ పైన మనిషి కాలు కూడా తోడైతే మిగిలేదేమిటి?

ఈత రాకపోవడం అండమాన్ సమస్య కాదు. అది జూలూరుపాడు సమస్య, చుట్టుపక్కల ప్రతి ఊరి సమస్య.

అరవై దాటిన వారిని ఎవరినైనా అడిగి చూడండి. మోటబావిలో నేర్చుకున్నామంటారు. నడుముకు ఎండు సొరకాయ బుర్రో, జీలుగు బెండో కట్టి, చాంతాడు ఒక కొస ఒడ్డున పెద్దవాడు పట్టుకుని, 'దూకరా' అని అరిచేవాడు. దూకకపోతే తోసేవాడు. నాలుగు గుక్కలు మింగి, ముక్కు మండి, ఏడ్చి, వారం తిరిగేసరికి పిల్లవాడు చేపపిల్లలా తిరిగేవాడు. ఫీజు లేదు, మాస్టరు లేడు. ఎండాకాలం సెలవులంటేనే బావి. ఆ పద్ధతిలో మొరటుదనం లేకపోలేదు, ఆడపిల్లలను బావి దరికి రానివ్వకపోవడం అన్యాయమే. అయినా ఊళ్లో మగపిల్లల్లో చాలామందికి ఈత వచ్చేది. ఎవరైనా నీట పడితే దూకి తీసేవారు పది మంది ఉండేవారు.

బోర్లు వచ్చాయి. మోటబావులు ఎండిపోయాయి. ఎండిన వాటిని కొందరు పూడ్చారు, కొందరు చెత్త పోశారు. సేద్యానికి బోరు మేలు చేసిందో కీడు చేసిందో వేరే తగవు. కాని బావితోపాటు బావి ఈత కూడా పోయింది, దాని స్థానంలో మరొకటి రాలేదు. చిత్రమేమంటే బావులు పోయినా నీటి గండం పోలేదు. 2015 నుంచి మిషన్ కాకతీయ కింద చెరువుల్లో పూడిక తీశారు. నీరు నిలవడం మంచిదే. కాని మట్టి తోడిన చోట నడుము లోతు ఎక్కడో, నిలువు లోతు ఎక్కడో పైకి తెలియదు. వాగులు అడవిలో వాన పడితే గంటలో పొంగుతాయి. వినాయక నిమజ్జనం, బతుకమ్మ పండుగల మరునాడు పత్రిక తిరగేస్తే ఎక్కడో ఒకచోట ఇద్దరు పిల్లలు మునిగిన వార్త కనబడని ఏడాది లేదు. దేశం మొత్తం మీద ఏటా 30 వేల మందికి పైగా నీట మునిగి చనిపోతున్నట్లు జాతీయ నేర రికార్డుల సంస్థ లెక్కలు చెబుతున్నాయి. వరదలో కొట్టుకుపోయినవారి సంగతి పేపరు మొదటి పేజీలో వస్తుంది. గేదెలు కడగబోయి పోయిన పిల్లవాడి సంగతి లోపలి పేజీలో నాలుగు పంక్తులు.

ఇప్పుడు మరొక నీరు వచ్చింది. సీతారామ ఎత్తిపోతల కాలువ ఈ మండలం మీదుగా ఏన్కూరు వైపు పోతుంది. 2024 ఆగస్టు 15న పంపులు ప్రారంభమయ్యాయి. గోదావరి నీరు చేలకు రావాలని ఏళ్లుగా ఎదురుచూసిన రైతులకు ఇది సంతోషమే. కాని కాలువ చెరువు వంటిది కాదు. చెరువుకు ఒడ్డు మెల్లగా దిగుతుంది, కాలు నిలుస్తుంది. పెద్ద కాలువకు రెండు వైపులా సిమెంటు ఏటవాలు. పాచి పట్టిందంటే సబ్బు రాసినట్లే. లోపల పడినవాడికి పట్టు దొరకదు. ఈత వచ్చినవాడైనా ప్రవాహంలో అలసిపోతాడు, ఈత రానివాని సంగతి చెప్పనక్కరలేదు. బట్టలుతకడానికి, పశువులకు నీళ్లు పెట్టడానికి, కాలు కడుక్కోవడానికి జనం దిగకుండా ఉంటారనుకోవడం భ్రమ. ఊరికి దగ్గరగా ఉన్నచోట్ల దిగడానికి మెట్లు, పట్టుకోవడానికి గొలుసులు, అడ్డంగా తాళ్లు ఉండవలసిన అవసరం ఉన్నది. ప్రమాదం జరిగిన తరువాత హెచ్చరిక బోర్డు పాతడం మనకు అలవాటయినది. ఈసారి ముందే చేస్తే ఎవరికీ నామోషీ కాదు.

సముద్రం దాకా పోనక్కరలేకుండా పాల్వంచ దగ్గర కిన్నెరసాని ఉన్నది. చుట్టూ 1977లో ప్రకటించిన అభయారణ్యం, మధ్యలో దీవులు, ఒడ్డున జింకల పార్కు. ఆదివారం పూట పిల్లాపాపలతో పోవడానికి ఇంతకంటె చక్కని చోటు ఈ ప్రాంతంలో లేదు. అక్కడ పడవ ఎక్కి చూడవలసినదే తప్ప నీటిలో దిగరాదు. మొసళ్లు ఉన్నాయి. ఆ మాటకొస్తే అండమాన్‌లోనూ ఉప్పునీటి మొసళ్లు ఉన్నాయి. 2010లో హేవ్‌లాక్ దీవి వద్ద స్నార్కెలింగ్ చేస్తున్న ఒక విదేశీ యువతిని మొసలి లాక్కుపోయింది. స్థానికులు వద్దన్న చోట దిగరాదనేది సముద్రానికైనా మడుగుకైనా ఒకటే నియమం.

పడవ విషయానికి వస్తే కచ్చులూరు మరచిపోలేనిది. 2019 సెప్టెంబర్ 15న పాపికొండలు చూడబోయిన పర్యాటకుల పడవ దేవీపట్నం మండలం కచ్చులూరు వద్ద గోదావరిలో తిరగబడింది. పడవలో 77 మంది. ప్రాణాలతో బయటపడినది 26 మంది. వరంగల్ దగ్గరి కడిపికొండ నుంచి బంధుమిత్రులతో కలిసి పోయినవారిలో పలువురు తిరిగి రాలేదు. బయటపడినవారిని కాపాడినది ఏ పెద్ద యంత్రాంగమూ కాదు, కచ్చులూరు గిరిజనులు తమ చిన్న పడవలు వేసుకుని పోయి లాగారు. నీటితో పరిచయం ఉన్నవారు ఒడ్డున ఉండబట్టి ఆ మాత్రమైనా దక్కారు. అటువంటి ఒడ్డు మన ఊళ్లలో ఇంకెన్నాళ్లు ఉంటుందన్నదే దిగులు.

అండమాన్ వెళ్లేవారికి చెప్పవలసిన మాట ఇంకొకటి ఉన్నది, ఈతతో సంబంధం లేకపోయినా. అక్కడి అడవిలో జారవాలనే ఆదివాసులున్నారు. వారి ప్రాంతం గుండా పోయే రోడ్డు మీద వాహనాలను వరుస కట్టి పంపుతారు. ఆగరాదు, ఫొటో తీయరాదు, తినుబండారాలు విసరరాదు. 1956 నాటి నిబంధనలు వారికి రక్షణగా ఉన్నా, 2012 జనవరిలో వారిని పర్యాటకుల ముందు ఆడించిన వీడియో బయటపడి దేశమంతా సిగ్గుపడింది. కోయగూడేల పక్కన బతికే జూలూరుపాడు వారికి ఇది వివరించనక్కరలేదు. కారు ఆపి, గూడెంలోని ఆడవారిని అడగకుండా ఫొటో తీసుకుపోయే పట్నవాసులను ఇక్కడివారు చూసే ఉంటారు. అటువంటి పట్నవాసి పని అండమాన్ పోయి మనమే చేస్తే ఏమనాలి?

మళ్లీ ఈతకు వద్దాం. ఈతకొలను కట్టాలంటే కోట్లు కావాలి, అది అయ్యే పని కాదని పెదవి విరిచేవారున్నారు. బంగ్లాదేశ్ పల్లెల్లో ఊరి చెరువులోనే వెదురు కర్రలతో చిన్న మంచె వంటి కట్టడం వేసి, దానికి అడుగున తడిక పరిచి, లోతు పిల్లల రొమ్ములు దాటకుండా చూసి ఈత నేర్పుతున్నారు. ఆ ఊరి యువతీ యువకులకే తర్ఫీదు ఇచ్చి గురువులను చేశారు. అక్కడ లెక్క ఏమిటంటే, పిల్లవాడు 25 మీటర్లు ఈదాలి, అర నిమిషం నీటిపై తేలాలి, మునుగుతున్నవానికి ఒడ్డు నుంచే కర్ర అందించడం తెలియాలి. అంతే. పోటీలు, పతకాలు లేవు. నేర్చుకున్న పిల్లల్లో నీటి చావులు బాగా తగ్గినట్లు తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా బడిపిల్లలకు ఈత నేర్పాలనే చెబుతున్నది. 2021 నుంచి ఐక్యరాజ్య సమితి జూలై 25ను నీటి ప్రమాదాల నివారణ దినంగా పాటిస్తున్నది. ఆ రోజు ఒకటున్నదని మన బడుల్లో ఎందరికి తెలుసు?

వెదురుకు ఈ అడవి అంచున కరువు లేదు. ఈత వచ్చిన పెద్దలు ఇంకా ప్రతి ఊరిలో నలుగురైనా ఉన్నారు. వారు పోయాక నేర్పేవారు దొరకరు. వేసవి సెలవుల్లో ఒక చెరువు మూల ఎంచుకుని, గ్రామ పంచాయతీ, బడి ఉపాధ్యాయులు కలిసి నెల రోజులు నడిపితే యాభై మంది పిల్లలు తేలడం నేర్చుకుంటారు. ఆడపిల్లలకు వేరే వేళ పెట్టి, నేర్పడానికి ఆడవారినే పెడితే తల్లులు పంపుతారు. పంపకపోతే మరుసటి ఏడాది పంపుతారు. వానాకాలం బురదనీటిలో మాత్రం ఈ పని పెట్టుకోరాదు.

ఈలోగా చేయగలిగినది ఒకటున్నది. మునిగేవానిని చూసి ఈత రానివాడు దూకరాదు. ఒకరి వెంట ఒకరు దూకి ముగ్గురేసి పోయిన ఇళ్లు ఉన్నాయి. మెడలో తువాలు, ఒంటి మీది చీర చెంగు, పశువుల పలుపు, మూత బిగించిన ఖాళీ నీళ్ల డబ్బా, ఏది అందితే అది విసరాలి. ఇరవై లీటర్ల ఖాళీ డబ్బా ఒక మనిషిని తేల్చి ఉంచుతుంది. చెరువు కట్ట మీద చెట్టుకు అటువంటిది ఒకటి, పది బారల తాడు కట్టి వేలాడదీయడానికి ఏ మంజూరూ అక్కరలేదు.