పేరు ఒకటే, మనుషులు వేరు

ఉప్పల్ చౌరస్తాలో నిలబడి ‘మహమ్మద్ భాయ్’ అని గట్టిగా పిలిస్తే పదిమందైనా వెనక్కి తిరిగి చూస్తారు. మహమ్మద్, షేక్, సయ్యద్, అబ్దుల్ అన్న మాటలు లేకుండా మన ఇళ్లలో పేర్లు పూర్తికావు. పిలిచినవారికి ఎవరు కావాలో ముఖం చూస్తే తెలిసిపోతుంది కనుక మనకు ఇందులో ఇబ్బంది లేదు. ఇబ్బందల్లా ముఖం చూడకుండా పేరు మాత్రమే చదివే యంత్రంతోనే.

ఉద్యోగస్తుల పరిచయాల కోసం 2003 మేలో మొదలైన లింక్డ్‌ఇన్ గురించి చదువుకున్న పిల్లలున్న ఇళ్లలో వేరే చెప్పనవసరం లేదు. ఉప్పల్‌లోని సాఫ్ట్‌వేర్, బీపీవో ఆఫీసుల్లో పనిచేసేవారు, నాచారం పారిశ్రామికవాడలోని మందుల కంపెనీల్లో ప్రయత్నించేవారు అందులో తమ వివరాలు పెట్టుకుంటారు. ఈ సంస్థ 2014 జులైలో న్యూస్‌ల్ అనే చిన్న కంపెనీని కొన్నది. దాని పని పత్రికలను, వార్తా సైట్లను యంత్రంతో చదివించి, అందులో కనిపించిన పేరు మనకు తెలిసినవారిదైతే ఆ కబురు మనకు చేరవేయడం. ఆ విద్యతోనే లింక్డ్‌ఇన్ ‘మీ పరిచయస్తులు ఫలానావారు వార్తల్లో ఉన్నారు’ అని అందరికీ తెలియజేసే ఏర్పాటు చేసింది. అవార్డు వస్తే, పరిశోధన అచ్చయితే నలుగురికీ తెలుస్తుంది కదా, మంచిదే అనిపిస్తుంది.

కాని 2016 మేలో అమెరికాలో ఏం జరిగిందో చూడండి. అక్కడ విలియం జాన్సన్ అనే తెల్లజాతి ఆధిక్యవాది ఎన్నికల వార్తల్లోకెక్కాడు. అదే పేరున్న మరొకాయన పరిచయస్తులకు లింక్డ్‌ఇన్ నుంచి మెయిల్ వెళ్లింది, ఆ వార్త ఈయన గురించే అన్నట్లుగా. పాపం, ఆయనకూ ఆ వాదానికీ ఏ సంబంధమూ లేదు. తనతో పనిచేసినవారు, పని ఇవ్వవలసినవారు అందరూ దాన్ని చూసి ఉంటారన్న బాధతో ఆయన పత్రికలో వ్యాసం రాసుకోవలసి వచ్చింది.

జాన్సన్ గారికే ఇలా అయితే మన సంగతేమిటి? క్రికెటర్ మహమ్మద్ సిరాజ్ 2023 సెప్టెంబరు 17న కొలంబోలో ఆసియా కప్ ఫైనల్లో 21 పరుగులకు 6 వికెట్లు తీసిన రోజున అదే పేరున్న అకౌంటెంటుకు అభినందనలు వచ్చిపడితే నవ్వుకుని వదిలేయవచ్చు. కాని పేపర్లో మన పేర్లు ఆటల పేజీలో మాత్రమే రావు. నేరవార్తల్లో వస్తాయి, పేలుళ్ల కేసుల్లో వస్తాయి. నాచారంలో ఇంటర్వ్యూకు వెళ్లవలసిన ఒక కుర్రవాడున్నాడనుకుందాం. అతని పేరే ఉన్న మరెవరినో ఎక్కడో పోలీసులు పట్టుకున్నారు. ఆ కబురు కంపెనీ అధికారి ఫోనులో అతని ఫొటో పక్కన ప్రత్యక్షమైతే ఆ అధికారి ఫోను చేసి ‘అది నువ్వేనా నాయనా’ అని అడుగుతాడా? అడగడు. పిలుపు రాదు, అంతే. ఎందుకు రాలేదో కుర్రవాడికి ఎప్పటికీ తెలియదు. జాన్సన్ గారికి కనీసం సంగతి తెలిసింది, రాసుకోగలిగాడు.

ఇప్పుడు రిష్తా మాట్లాడేముందు కూడా పెద్దలు పిల్లవాడి పేరు ఫోనులో కొట్టి చూస్తున్నారు. విచారించడంలో తప్పులేదు. వార్త వస్తే నిర్ధారించుకోమని హుజురాత్ సూరా మనకు నేర్పనే నేర్పింది. పేరు కలిసింది కాబట్టి మనిషి వాడే అనుకోవడం మాత్రం నిర్ధారణ కాదు.

ఈ విషయంలో మన పెద్దలు ఎంత జాగ్రత్తపడ్డారో తెలిస్తే ఆశ్చర్యం వేస్తుంది. హదీసు చెప్పినవారి పేర్లను పరిశీలించడం వారికి ఒక శాస్త్రం. ఒకే పేరున్న ఇద్దరిలో ఒకరు నమ్మదగినవారు, ఇంకొకరు కాకపోవచ్చు. అందుకని తండ్రి పేరు, తాత పేరు, కునియత్, ఊరు, గురువులు, శిష్యులు, చనిపోయిన సంవత్సరం అన్నీ చూసి విడదీసేవారు. 1071లో మరణించిన ఖతీబ్ బగ్దాదీ పేర్లు కలిసి మనుషులు వేరైనవారి గురించే ఒక గ్రంథం రాశారు. ఇద్దరిని ఒకరుగా కలిపేయడం, ఒకరిని ఇద్దరుగా విడగొట్టడం అనే పొరపాట్ల గురించి ఆయన రాసిన ఇంకో గ్రంథం, ‘మూదిహ్ అవ్‌హామ్’, ఎక్కడ అచ్చయిందో తెలుసా? మన హైదరాబాదులోనే! దాయిరతుల్ మఆరిఫ్ దాన్ని 1959-60లో ప్రచురించింది. ఆ సంస్థ ఉన్న ఉస్మానియా విశ్వవిద్యాలయం నాచారం నుంచి హబ్సిగూడ, తార్నాక దాటితే వస్తుంది. తొమ్మిది వందల ఏళ్లకు పైబడిన ఆ జాగ్రత్త మన పొరుగునే అచ్చయి ఉండగా, కోట్లు పెట్టి తయారుచేసిన యంత్రం రెండు పదాలు కలిస్తే చాలనుకుంటే ఎలా?

కాబట్టి నా అభిప్రాయం సూటిగా చెబుతాను. మన పిల్లలు ఈ చాటింపు తమ పేరు మీద సాగనివ్వకుండా ఆపివేసుకోవడమే మంచిది. లింక్డ్‌ఇన్ సెట్టింగ్స్‌లో ‘విజిబిలిటీ’ అన్న భాగంలో, మీరు వార్తల్లోకి వస్తే పరిచయస్తులకు తెలియజేయాలా అని అడిగే మీట ఉంటుంది. దాన్ని ఆపితే చాలు. నిజంగా మంచి వార్త వచ్చిన రోజున మీరే స్వయంగా రాసి పెట్టుకోవచ్చు, యంత్రం సాయం అక్కర్లేదు. ఇతరుల గురించి వచ్చే కబురు వద్దనుకుంటే దాని పక్కనుండే మూడు చుక్కలు నొక్కి అలాంటివి రాకుండా చేసుకోవచ్చు.

అయితే చాటింపు ఆపడం వేరు, కళ్లు మూసుకోవడం వేరు. మన పేరు ఎక్కడ వస్తోందో మనకు మాత్రం తెలియాలి. అందుకు గూగుల్ అలర్ట్స్ 2003 నుంచీ ఉంది, డబ్బు కట్టనక్కర్లేదు. పూర్తి పేరు కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి, పక్కన ఊరో కంపెనీయో చేర్చితే అనవసరమైనవి చాలావరకు తగ్గుతాయి. కబురు మీ మెయిలుకే వస్తుంది, ఊరంతటికీ పోదు.

పేరులోంచి మహమ్మద్ తీసేయమని, ఏదో ముద్దుపేరు పెట్టుకోమని కొందరు సలహా ఇస్తున్నారు. ఇది నాకు బొత్తిగా నచ్చదు. తప్పు చదివినవాడిదైతే పేరు మార్చుకోవలసింది మనమా? మార్చవలసింది మనం చేసే ఇంకో పని. టెన్త్ మెమోలో ఒక స్పెల్లింగు, పాస్‌పోర్టులో ఇంకొకటి, లింక్డ్‌ఇన్‌లో ఉత్త ‘ఎండీ’. అన్నిచోట్లా ఒకే విధంగా, ఇంటిపేరుతోనో తండ్రి పేరుతోనో కలిపి పూర్తిగా రాసుకుంటే ఇద్దరిని విడదీయడానికి ఆధారం దొరుకుతుంది.

విలేఖరులకు కూడా ఒక మాట. ‘ఉప్పల్‌కు చెందిన ఇమ్రాన్’ అని రాసి ఊరుకుంటే ఉప్పల్‌లోని ఇమ్రాన్‌లందరి మీదా అనుమానం పడుతుంది. వయసు, చేసే పని కూడా రాయండి. కేసు కొట్టివేసిన రోజున ఆ వార్త కూడా అంతే పెద్దదిగా వేయండి.

ఇప్పటికే ఎవరి వార్తో మీకు అంటుకుని ఉంటే, ముందు దాన్ని ఫొటో తీసి ఉంచుకోండి. 2021 ఐటీ నియమాల ప్రకారం ఇలాంటి సంస్థలు ఫిర్యాదులు స్వీకరించే అధికారిని నియమించి, ఆ వివరాలు తమ సైటులో పెట్టాలి. ఆయనకు రాతపూర్వకంగా రాయండి. ఆ తర్వాత మీ కంపెనీ మేనేజరుకు, మాటలు నడుస్తున్న పెళ్లివారికి మీరే ముందుగా చెప్పండి, వారు ఇంకెవరి నోటో వినకముందే.