వాల్యూమ్ ఒక్కచోటే ఉండాలి

కంప్యూటర్‌లో యూట్యూబ్ పెట్టుకుని ఒక పాత సినిమా చూస్తున్నామంటే, దాని శబ్దం నాలుగు చోట్ల నిర్ణయమవుతుంది. వీడియో కింద ఒక స్లైడర్, విండోస్ మిక్సర్‌లో బ్రౌజర్ పేరిట ఇంకొకటి, టాస్క్‌బార్ మూలన అసలు వాల్యూమ్, ఆపైన స్పీకర్ మీద నాబ్. ఇవి ఒకదాని వెనక ఒకటి పనిచేస్తాయి. ట్యాంకు దగ్గరి వాల్వు మూసి ఉంటే వంటింటి కుళాయి ఎంత తిప్పినా నీళ్లు రానట్టే, ఒక్కచోట సున్నా ఉంటే మిగతా మూడూ నూటికి చేర్చినా ఏమీ వినిపించదు. మూడు చోట్ల సిగ్నల్‌ని సగం సగం చేస్తే చివరికి మిగిలేది ఎనిమిదో వంతు. అయినా ఏ స్లైడరూ తక్కినవి ఎక్కడున్నాయో చూపించదు. కంప్యూటర్ పెద్దగా తెలియని పెద్దవాళ్లు స్పీకర్ పాడైందనుకోవడంలో తప్పేముంది?

ఇదేదో చిన్న చిరాకని కొట్టిపారేయకూడదు. ప్లేయర్‌లో వాల్యూమ్ తక్కువగా ఉన్న సంగతి గమనించక సిస్టమ్ వాల్యూమ్‌ను చివరిదాకా పెంచేస్తాం. మరుక్షణం ఇంకో యాప్ నుంచి నోటిఫికేషన్ వస్తే అది హెడ్‌ఫోన్లో పూర్తి జోరుతో చెవిని కొడుతుంది. పెద్దలకు 80 డెసిబెల్స్ చొప్పున వారానికి 40 గంటలే సురక్షితమని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ 2019లో ప్రమాణం పెట్టాయి. ఆ హద్దులో ఉన్నామో లేదో తెలియాలంటే, ముందు మన వాల్యూమ్ ఎంతో మనకు తెలియాలి కదా! శబ్దం నాణ్యతకూ నష్టమే. వీఎల్‌సీ ప్లేయర్ స్లైడర్ 125 శాతం దాకా వెళ్తుంది. అసలే గట్టిగా రికార్డయిన పాటను 100 దాటిస్తే తరంగాల శిఖరాలు తెగిపోయి గొంతు బొంగురుపోతుంది.

వేర్వేరు కంట్రోళ్లు అవసరమేననే వాదన ఉంది. మీటింగ్ గట్టిగా, వెనక పాట మెల్లగా వినాలనుకోవడం న్యాయమైన కోరికే. కానీ అది యాప్‌ల మధ్య సర్దుబాటు. దానికి సరైన చోటు సిస్టమ్ మిక్సర్. 2007లో మార్కెట్‌లోకి వచ్చిన విండోస్ విస్టా నుంచీ యాప్‌కొక స్లైడర్ అక్కడ ఉంది. అలాంటప్పుడు ప్లేయర్ లోపల మళ్లీ ఇంకొకటి ఎందుకు? యాప్ వాల్యూమ్‌నూ సిస్టమ్ వాల్యూమ్‌నూ ముడిపెట్టి చూశారు, బెడిసికొట్టిందనే వాళ్లూ ఉన్నారు. నిజమే. లైనక్స్‌లో శబ్దాన్ని నడిపే పల్స్ ఆడియో తెచ్చిన ‘ఫ్లాట్ వాల్యూమ్’ పద్ధతిలో ఏదైనా యాప్ తన వాల్యూమ్‌ను నూటికి పెడితే సిస్టమ్ వాల్యూమ్ కూడా ఎగబాకేది. లైనక్స్ రకాల్లో ఒకటైన ఉబుంటు దాన్ని పక్కన పెట్టింది. అయితే అక్కడ చెడింది కంట్రోళ్లు కలపడం వల్ల కాదు, పెంచే అధికారం యాప్ చేతిలో పెట్టడం వల్ల. ఐఫోన్‌లో యాపిల్ ఆ అధికారాన్నే తీసేసింది. వెబ్ పేజీలోని వీడియో తన వాల్యూమ్‌ను తాను మార్చుకోలేదు, పక్కనున్న బటన్లదే తుది మాట. ఫోన్లలో యూట్యూబ్ యాప్‌కు సొంత స్లైడరే లేదు. అది లేదని బాధపడేవాళ్లు అరుదు.

కంప్యూటర్ ప్లేయర్లు తయారుచేసేవాళ్లు కూడా ఈ దారికే రావాలి. మ్యూట్ బటన్ ఉంచండి, స్లైడర్ తీసేయండి. తీయలేకపోతే దాన్ని మిక్సర్‌లోని యాప్ వాల్యూమ్‌తో కలపండి, ఒకటి కదిలితే రెండోదీ కదలాలి. అందాకా పాఠకులు చేయగలిగింది ఒకటుంది: ముందు సిస్టమ్ వాల్యూమ్ బాగా తగ్గించి, ప్లేయర్‌ను 100 దగ్గర వదిలేయండి. ఆ తర్వాత హెచ్చుతగ్గులన్నీ సిస్టమ్ వాల్యూమ్‌తోనే చేసుకోండి.