కొలువు దిగిన తుపాకి

పోలీసు ఉద్యోగి కాపలా ముగించి యిల్లు చేరును. అతని నడుమున వ్రేలాడు సర్కారు పిస్తోలు ఎచ్చటికి చేరవలెను? ఠాణాలోని ఆయుధాగారమునకా, పిల్లలు నిదురించు గదికా?

ఎల్లప్పుడును వెంట నుండనిండనువారు 1861 నాటి పోలీసు చట్టము 22వ విభాగమును చూపుచున్నారు. పోలీసు ఉద్యోగి సర్వకాలములయందును కొలువులో నున్నట్లే యెంచవలెనని అందు కలదు. 1857 నాటి భయము వీడకమునుపే పరప్రభువులు వ్రాసిన వాక్యమది. పిలిచినప్పుడు రానని యతడు మొరాయింపకుండుటకై వ్రాసినది. అదియైనను ‘ఈ చట్టపు ప్రయోజనముల కొఱకు’ అని తన హద్దును తానే గీచుకొన్నది. ఇక 1959 నాటి ఆయుధ చట్టము 45వ విభాగము ప్రభుత్వోద్యోగికి మినహాయింపు నిచ్చినది విధినిర్వహణమున మాత్రమే. ఈ రెంటిని ముడివేసి చదివినచో విధికి అంతమే లేదు. పెండ్లిపందిటను, కల్లుపాకలోను సైతము ఆయన విధినిర్వహణముననే యున్నాడన్నమాట!

2023 జనవరి 29న ఒడిశా ఆరోగ్యమంత్రి నవకిశోర దాసును కాల్చినవాడు బందోబస్తునకు వచ్చిన పోలీసు ఉద్యోగియే. ఆ యేడే జులై 31న బొంబాయి పోవు రైలులో రక్షకభటుడొకడు తన పైయధికారిని, ముగ్గురు ప్రయాణికులను సర్కారు తుపాకితోనే కాల్చి చంపెను. ఇవి కొలువువేళ, తోటివారి కన్నులయెదుట జరిగినవి. చూచువాడు లేని యింటిలో, అలసటయు అప్పుల చింతయు ఆలుమగల కలహమును నున్నచోట, ఆ యినుపముక్కను నమ్ముమనుట యేపాటి వివేకము? మొదట బలియగునది దొంగకాదు. ఆ యింటి ఇల్లాలు, లేదా ఆ భటుడే.

అమెరికాను చూడుమందురు. కొలువులో లేని పోలీసు సయితము ఏ రాష్ట్రమందైనను తుపాకి దాచి తిరుగవచ్చునని 2004లో అచట శాసనమైనమాట నిజమే. ఊరూర తుపాకులు నిండిన దేశపు ఔషధము మనకేల? ఇంగ్లండులో నేటికిని పోలీసులలో పెక్కురు కొలువులోనే తుపాకి ధరింపరు. తమ యింట వద్దనుకొన్న సాయుధ పోలీసు పద్ధతిని ఆంగ్లేయులు ఐర్లండునందును మనయందును నిలిపిరి.

ప్రతిపక్షమువారి వాదములలో ఒక్కటి మాత్రము తోసివేయరానిది. 2018 సెప్టెంబరులో కాశ్మీరపు షోపియానులో ముగ్గురు పోలీసులను ఇండ్లనుండి యీడ్చుకొనిపోయి చంపిరి. అట్టి ప్రాణాపాయ మున్నవానికి ఆయుధ మీయవలసినదే. కాని అది పైయధికారి సంతకముతో, కారణముతో, గడువుతో ఈయవలెను. తాళముగల పెట్టెయు నీయవలెను. గడువు తీరగానే తిరిగి పుచ్చుకొనవలెను.

నియమములకు లోబడి ఆయుధము ధరించుట పౌరుని హక్కని 1931లో కరాచీ కాంగ్రెసు తీర్మానించినది. పోలీసు ఉద్యోగియు పౌరుడే. సొంత తుపాకి కావలెనన్నచో మనవలెనే దరఖాస్తు పెట్టుకొని, మనవలెనే విచారణకు నిలువవచ్చును. సర్కారు తుపాకి మాత్రము కొలువు దిగిన గంటలోనే రిజిష్టరు కెక్కి ఆయుధాగారము చేరవలెను. చేరనినాడు ఆ రాత్రియే ఠాణాధికారి సంజాయిషీ చెప్పుకొనవలెను.