రేగడికి తగ్గ పునాది వేయించండి

గృహనిర్మాణ శాఖ మంత్రిగారికి,

ఎండాకాలంలో మా పల్నాడు రేగడిలో చెయ్యి దూరేంత నెర్రెలు పడతాయి. వానలకు అదే నేల ఉబ్బి గోడల్ని పైకి నెడుతుంది. ఈ మట్టిలో బంకమన్ను ఎక్కువ. అందులోని మాంట్‌మొరిలొనైట్ అనే ఖనిజం పొరల మధ్యకు నీరు చేరితే ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుంటుంది. బంకశాతం పెరిగేకొద్దీ ఈ కదలికా పెరుగుతుంది.

మా కాలనీలో మట్టి చూడకుండానే లోతులేని పునాదులు వేశారు. రెండేళ్లకే కిటికీ మూలల నుంచి ఏటవాలు పగుళ్లు పాకాయి. అప్పుచేసి కట్టుకున్న ఇళ్లండీ అవి!

ఉబ్బు పరీక్షకు పెద్ద ఖర్చేమీ లేదు. 10 గ్రాముల చొప్పున పొడిమట్టి రెండు కొలత గాజు గొట్టాల్లో పోసి, ఒకదాంట్లో నీళ్లు, రెండోదాంట్లో కిరోసిన్ నింపితే 24 గంటల్లో తేడా కంటికే కనిపిస్తుంది. ప్రతి లేఅవుట్‌కూ ఈ పరీక్ష తప్పనిసరి చేయండి. ఉబ్బే నేలల్లో అండర్ రీమ్డ్ పైల్ (అడుగున వెడల్పుగా ఉండే లోతైన స్తంభాల) పునాదులకు అదనపు సాయం మంజూరు చేయండి.

ఇట్లు,
పల్నాడు గృహస్థుడు